ఎవరిచ్చారు? ఎవరికిచ్చారు?

మేము జుబైల్‌లో ఉన్న రోజుల్లో సౌదీలో వారాంతపు సెలవంటే గురు, శుక్రవారాలు. 2013 జూన్ చివర్లో అది శుక్ర, శనివారాలకు మారింది. మారక ముందు, 2009లో ఒక గురువారం సాయంత్రం, మా తలుపు తట్టి ఒక కుర్రవాడు నిలబడ్డాడు. నిజామాబాద్ జిల్లావాడు. ఒక కంపెనీ స్టోర్లో హెల్పరు. అంతకు ముందు సంక్రాంతి భోజనాల్లో ఒకసారి చూసిన ముఖమే. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది.

“అన్నా, గిది జర సూడు. ఎల్లుండి ఆఫీసుల ఇయ్యమన్నరు. నేనే రాసిన ఇంగ్లీషుల.”

సంగతేమిటంటే, స్టోర్లో ఒక కేబుల్ చుట్ట తగ్గింది. దాని ఖరీదు ఇతని జీతంలో కోస్తామన్నారు. ఏం జరిగిందో రాసిమ్మన్నారు. ఆ కంపెనీలో సూపర్వైజరు ఫిలిప్పీన్స్ అతను, గేటు దగ్గర గార్డు నేపాలీ, ఆఫీసులో కాగితాలు చూసేది ఈజిప్టు ఆయన. అందరికీ మధ్య ఉన్నది వచ్చీరాని ఇంగ్లీషు ఒక్కటే. కాగితంలో ఇలా ఉంది (ఇంగ్లీషు మాటలన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను, ఇంట్లో పెద్దవాళ్ళు కూడా చదువుకోవాలని):

“డ్యూటీ ఫినిష్డ్. కీ గేవ్ సెక్యూరిటీ. మార్నింగ్ కేమ్, ఓపెన్డ్ స్టోర్. కేబుల్ నాట్ దేర్. టోల్డ్ సూపర్వైజర్. టోల్డ్ నో ప్రాబ్లమ్.”

ఆ ఈజిప్టు ఆయన కళ్ళతో చదివి చూడండి. తాళంచెవి ఎవరు ఎవరికిచ్చారు? పొద్దున్నే ఎవరు వచ్చారు? స్టోర్ తెరిచిందెవరు? రాసినవాడు తన గురించే రాసుకున్నాడు కదా అనుకుని చదివితే, “పొద్దున్నే నేనే వచ్చి నేనే తెరిచాను” అని ఒప్పుకున్నట్టే ఉంది. “కీ గేవ్ సెక్యూరిటీ” అన్నది చూస్తే సెక్యూరిటీవాడే తాళం ఇచ్చినట్టు కూడా తోస్తుంది. తన మెడకు తనే ఉరి తగిలించుకుంటున్న కాగితం అది.

“అట్ల కాదు తమ్ముడూ, ఏం జరిగిందో మన మాటల్లో చెప్పు” అన్నాను.

“తాళంచెయ్యి సెక్యూరిటీకిచ్చిన. పొద్దుగాల వచ్చిండు, స్టోర్ తెరిసిండు. కేబుల్ లేదు. నాకు ఫోన్ జేసిండు. సూపర్వైజర్‌కు చెప్పిన. ఏం గాదన్నడు.”

చూశారా? ఈ మాటల్లో నేను, అతను అన్న కర్తలు ఒక్కచోటా లేవు. అయినా మనకెవరికీ అనుమానం రాదు. “ఇచ్చిన” అంటే తను, “తెరిసిండు” అంటే గార్డు. ఇంగ్లీషు కాగితంలోనూ అతను అవే మాటలు, అదే వరసలో రాశాడు. ఒక్క మాట కూడా అబద్ధం లేదు. తెలుగులో స్పష్టంగా ఉన్నది ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి ఎక్కడో జారిపోయింది. ఎక్కడ జారిందన్నదే ఈ వ్యాసం.

మన భూతకాల క్రియను ఒకసారి పలికి చూడండి. ఇచ్చాను, ఇచ్చావు, ఇచ్చాడు, ఇచ్చింది, ఇచ్చాము, ఇచ్చారు. పని చేసినవారెవరో క్రియ తోకలోనే ఉంది. అందుకే మనం నేను, నువ్వు అనే మాటల్ని హాయిగా వదిలేస్తాం. ఇంగ్లీషులో వీటన్నిటికీ ఒక్కటే మాట, “గేవ్”. ఐ గేవ్, యు గేవ్, హి గేవ్, షి గేవ్, వి గేవ్, దే గేవ్. వర్తమానంలో కనీసం “హి గివ్స్” అని చివర ఒక స-కారమైనా తగిలిస్తారు. భూతకాలంలో అదీ లేదు. “వజ్, వర్” అనే జంటను మినహాయిస్తే ఇంగ్లీషు భూతకాల క్రియకు మనుషులతో సంబంధమే లేదు. కాబట్టి క్రియ ముందు కర్త తప్పనిసరి. తెలుగులో కర్తను వదిలేయడం మాట నేర్పు. ఇంగ్లీషులో అలా వదిలేస్తే పని చేసినవాడు మాయమైపోతాడు. మనవాళ్ళ ఇంగ్లీషు వర్తమానంలో కంటె భూతకాలంలో ఎక్కువ తప్పుదారి పట్టడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. ఫిర్యాదులు, వాంగ్మూలాలు, ఆసుపత్రిలో చెప్పుకునే బాధలు అన్నీ జరిగిపోయిన సంగతులే కదా!

రెండో చిక్కు వరస. “డ్రైవర్ని ఫోర్‌మన్ తిట్టాడు” అన్నా, “ఫోర్‌మన్ డ్రైవర్ని తిట్టాడు” అన్నా తిట్లు తిన్నది డ్రైవరే. ఆ “ని” అనే విభక్తి అతన్ని అంటిపెట్టుకుని ఉంటుంది, వాక్యంలో ఎక్కడ కూర్చోబెట్టినా ఊడిపోదు. ఇంగ్లీషులో నామవాచకాలకు ఆ ప్రత్యయాలు లేవు. ఒకప్పుడు, వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో ఉండేవి, కాలక్రమంలో అరిగిపోయాయి. ఇప్పుడు ఎవరు కొట్టారు, ఎవరిని కొట్టారు అన్నది కూర్చున్న చోటును బట్టే. క్రియకు ముందున్నవాడు చేసినవాడు, వెనకున్నవాడు పడ్డవాడు. స్థానం మారిస్తే నేరం మారిపోతుంది.

ఆ పాత విభక్తుల జాడ ఇంగ్లీషులో ముఖ్యంగా సర్వనామాల్లో మిగిలింది. ఐ, మి అవుతుంది. హి, హిమ్ అవుతుంది. షి, హెర్, వి, అస్, దే, దెమ్. యు, ఇట్ మాత్రం మారవు. బడిలో ఇవి ఎక్కాల్లాగా వల్లె వేయిస్తారు గాని, ఇవి మన “నన్ను, అతన్ని, ఆమెను, మమ్మల్ని, వాళ్ళను” అని ఎవరూ చెప్పరు. చెబితే సగం భయం పోతుంది. మిగతా సగం ఎందుకు పోదంటే, మనకు నన్ను వేరు, నాకు వేరు. ఇంగ్లీషులో రెండిటికీ “మి” ఒక్కటే. “నన్ను అడిగాడు” అంటే “హి ఆస్క్‌డ్ మి”. “నాకు చెప్పాడు” అంటే “హి టోల్డ్ మి”. మనకు “నాకు”లో “కు” వినిపిస్తుంది కాబట్టి “టోల్డ్ టు మి” అనేస్తాం. అక్కడ “టు” అక్కర్లేదు. పోనీ ఎక్కడా అక్కర్లేదా అంటే, “నాతో అన్నాడు” అన్నప్పుడు “హి సెడ్ టు మి” అని “టు” ఉండి తీరాలి. ఇది న్యాయంగా లేదని మీకనిపిస్తే, నాకూ అనిపించింది. దీనికి సూత్రం లేదు. ఏ క్రియకు ఏ అలవాటో చెవికి పట్టించుకోవలసిందే.

ఇంకొక తేడా ఉంది. “తాళం ఇచ్చావా?” అని అడిగితే “ఇచ్చాను” అంటే చాలు మనకు. ఇంగ్లీషులో “ఐ గేవ్” అని ఆగితే అవతలివాడు నోరు తెరుచుకుని చూస్తూ ఉంటాడు, ఏమిచ్చావు, ఎవరికిచ్చావు అని. “ఐ గేవ్ ఇట్ టు హిమ్” అనాలి. మన ఒక్క మాటకు వాళ్ళకు అయిదు మాటలు పట్టాయి. “దాన్ని”, “అతనికి” అని మనం చెప్పకుండా మింగేసినవి అక్కడ పైకి అనక తప్పదు. వస్తువు పేరు చెప్పేటట్టయితే రెండు దారులున్నాయి. “ఐ గేవ్ ద కీ టు హిమ్” అనవచ్చు, “ఐ గేవ్ హిమ్ ద కీ” అనవచ్చు. మనిషి క్రియ పక్కనే కూర్చుంటే “టు” పోతుంది, వెనక్కి వెళితే “టు” వస్తుంది. అంతే తేడా.

“గారు” తెచ్చే తంటా కూడా చెప్పాలి. మేడమ్ గారు ఇచ్చారు, సార్ ఇచ్చారు. గౌరవం వచ్చేసరికి ఆడా మగా తేడా మన క్రియలో పోతుంది. అందుకే ఆఫీసులో మనవాళ్ళు డాక్టరమ్మను పట్టుకుని “హి టోల్డ్ మి” అంటుంటారు. మర్యాద ఎక్కువై వచ్చిన తప్పు అది, తెలివి తక్కువై కాదు.

ఇప్పుడు లేదు, కాదు అనే మాటలకు వద్దాం. నాకు అన్నిటికంటె ఇష్టమైన భాగం ఇది. “ఐ డిడ్ నాట్ గేవ్”, “డిడ్ యు వెంట్” అనడం మనవాళ్ళలో చాలా మామూలు తప్పు. బడిలో దీనికి బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కాని తెలుగులో మనం ఏమంటామో చూడండి. “ఇచ్చాను”కు వ్యతిరేకం “ఇచ్చాను లేదు” కాదు. “ఇవ్వలేదు”. భూతకాలపు గుర్తు “ఇచ్చా”లోంచి జారిపోయి, ఏ కాలమూ తెలియని “ఇవ్వ” మిగిలింది. కాలం సంగతి “లేదు” చూసుకుంటుంది. ఇంగ్లీషులోనూ అచ్చంగా అదే. “డిడ్ నాట్” కాలం భారం మోస్తుంది కాబట్టి “గేవ్” మళ్ళీ “గివ్” అవుతుంది. “డిడ్ నాట్ గేవ్” అనడం “ఇచ్చాను లేదు” అన్నంత అందంగా ఉంటుంది. ఇంకో విశేషం: “ఇవ్వలేదు”లో కర్త కూడా పోయాడు. నేను ఇవ్వలేదు, నువ్వు ఇవ్వలేదు, వాళ్ళు ఇవ్వలేదు, అన్నిటికీ ఒకే రూపం. కాబట్టి అనుమానం వచ్చే చోట మనమూ “నేను ఇవ్వలేదు” అని కర్తను ముందు పెడతాం. అంటే ఇంగ్లీషువాడి అవస్థ మనకు కొత్తదేమీ కాదు, లేదన్నప్పుడు మాత్రమే మనకొస్తుంది, వాడికి ఎల్లప్పుడూ ఉంటుంది. ఈ మాట చెప్పగానే మా కుర్రవాడు కాసేపు పైకి చూసి, “నిజమే గదా అన్నా! ఇయ్యలే అంటే ఎవలు ఇయ్యలే?” అన్నాడు.

ఇక ఇంగ్లీషులో ముందు వచ్చే చిన్న మాటలు. మనకు చివర తగిలేవి వాళ్ళకు ముందు తగులుతాయి. స్టోర్‌లో, ఇన్ ద స్టోర్. టేబుల్ మీద, ఆన్ ద టేబుల్. గేటు దగ్గర, ఎట్ ద గేట్. వాక్యం మొత్తం కూడా అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. దమ్మామ్ నుంచి రియాద్‌కు 1951 నుంచి రైలుంది. “దమ్మామ్ నుంచి రియాద్‌కు రైల్లో వెళ్ళాను” అన్న వాక్యంలో మన క్రియ ఆఖరి స్టేషన్‌లో దిగుతుంది. ఇంగ్లీషు క్రియ మొదటి స్టేషన్‌లోనే ఎక్కేస్తుంది. “ఐ వెంట్ ఫ్రమ్ దమ్మామ్ టు రియాద్ బై ట్రెయిన్.” రైల్లో అన్నాం కదా అని “ఇన్ ట్రెయిన్” అనకూడదు, ప్రయాణ సాధనమైతే “బై”. తాళంతో తెరిచాడు అన్నా, నాతో వచ్చాడు అన్నా రెండిటికీ “విత్” చాలు. కాలానికి మన పని సులువు, ఆరు గంటలకు, పొద్దున, గురువారం. వాళ్ళకు ఒక్కోదానికి ఒక్కో మాట: ఎట్ సిక్స్, ఇన్ ద మార్నింగ్, ఆన్ థర్స్‌డే. పైగా పొద్దున అంటే “ఇన్ ద మార్నింగ్” గాని రాత్రి అంటే “ఎట్ నైట్”. ఎందుకని అడగవద్దు.

మన విభక్తి లోపల వినబడుతూ ఉండడం వల్ల అక్కర్లేని చోట ఈ చిన్నమాటలు తగిలిస్తాం. ఆఫీసుకు చేరాను కాబట్టి “రీచ్డ్ టు ఆఫీస్”. నాకు సాయం చేశాడు కాబట్టి “హెల్ప్డ్ టు మి”. నాకు ఫోన్ చేశాడు కాబట్టి “ఫోన్డ్ టు మి”. దాని గురించి చర్చించాం కాబట్టి “డిస్కస్డ్ అబౌట్ ఇట్”. ఫలానా ఆమెతో పెళ్ళయింది కాబట్టి “మారీడ్ విత్ హెర్”. ఇవన్నీ ఉత్త “రీచ్డ్, హెల్ప్డ్ మి, ఫోన్డ్ మి, డిస్కస్డ్ ఇట్, మారీడ్ హెర్”. దీనికి ఎదురు, మన “నన్ను చూశాడు”లో “ని” ఒక్కటే కనుక “లుక్డ్ మి” అంటాం, అక్కడ “ఎట్” కావాలి. వీటిల్లో చాలావాటికి ప్రమాదం లేదు, వినేవాడు నవ్వుకుని అర్థం చేసుకుంటాడు. ప్రమాదం ఉన్నవి కొన్నే. “నా దగ్గర నుంచి పాస్‌పోర్టు తీసుకున్నాడు” అన్నది “హి టుక్ మై పాస్‌పోర్ట్ ఫ్రమ్ మి”. ఆ “ఫ్రమ్” బదులు “ఫర్” పడితే నా కోసం తీసుకున్నాడని, మేలు చేశాడని అర్థం వస్తుంది! ఫిర్యాదు కృతజ్ఞతాపత్రం అయి కూర్చుంటుంది.

సౌదీలో అరబ్బీ సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. గ్రంథాల అరబ్బీ మనకు దగ్గర చుట్టం లాంటిది ఈ విషయంలో. కతబ్తు అంటే రాశాను, కతబత్ అంటే ఆమె రాసింది. కర్త మనలాగే క్రియలోనే ఉన్నాడు. అంతటితో ఆగక కర్మను కూడా దానికే అతికిస్తారు. “సఅలనీ” అంటే నన్ను అడిగాడు, “సఅల్తుహు” అంటే నేను అతన్ని అడిగాను. ఒక్క మాటలో ఇద్దరు మనుషులూ కూర్చున్నారు. ఇంత పొదుపైన భాష నడుమ బతుకుతూ మనవాళ్ళు నేర్చుకునేది మాత్రం అది కాదు. క్యాంపుల్లో, దుకాణాల్లో వినబడేది “అనా రూహ్, ఇంతా రూహ్, మాఫీ ఫులూస్”. భాషాశాస్త్రజ్ఞులు దీన్ని గల్ఫ్ పిడ్జిన్ అరబ్బీ అంటారు. ఒకరి భాష ఒకరికి రానివాళ్ళు పని జరుపుకోవడానికి కట్టుకున్న భాష. అందులో క్రియ తోకలన్నీ కోసేశారు. “అనా రూహ్” అంటే వెళతాను, వెళ్ళాను, వెళుతున్నాను, ఏదైనా కావచ్చు. ఎదురుగా మనిషి ఉండి చేతులు తిప్పుతూ మాట్లాడుకుంటే అది చక్కగా సరిపోతుంది. కాగితం మీద చేతులు తిప్పలేం కదా! మన కుర్రవాళ్ళు వచ్చిన ఆర్నెల్లలో ఈ భాష పట్టేస్తారు, ఇంగ్లీషును కూడా అదే అచ్చులో పోస్తారని నాకనిపిస్తుంది.

చట్టం దృష్టిలో ఆ దేశంలో అరబ్బీ ప్రతికే విలువ. 2005 నాటి కార్మిక చట్టం తొమ్మిదో అధికరణం ప్రకారం ఒప్పందం అరబ్బీలోనూ మరో భాషలోనూ ఉంటే చెల్లేది అరబ్బీదే. కాని కార్మికుడు రాసిన ఇంగ్లీషు కాగితాన్ని చూసి ఎవరో అరబ్బీలోకి మారుస్తారు. అరబ్బీ క్రియకు కర్త లేకుండా రూపమే లేదు. మనవాడు “కేమ్” అని ఊరుకుంటే, అనువాదం చేసేవాడు “వచ్చాను” అనో “వచ్చాడు” అనో ఏదో ఒకటి తేల్చి రాయక తప్పదు. ఆ తేల్చడం అతని ఊహ. అందుకే ఇంగ్లీషు ప్రతిలోనే అనుమానానికి చోటివ్వకూడదన్నాను.

ఇదంతా కార్మికుల గొడవ, మనకేమిటి అనుకునేవారికి ఒక మాట. మా అమ్మాయి దమ్మామ్‌లో పుట్టింది. దాని ఇంగ్లీషుకు వంక పెట్టలేం. ఒకసారి ఫోనులో వాళ్ళ నాయనమ్మతో, “నేను స్కూల్లో పడింది, మిస్ నన్ను ఎత్తాడు” అంది. ఆవిడ కంగారుగా, “ఏది పడిందే? ఎవరెత్తుకుపోయాడు?” అని అడిగింది. దాని మెదడులో “ఫెల్” అనే మాటకు తోక లేదు, కాబట్టి తెలుగులో చేతికి దొరికిన తోకేదో తగిలించింది. మా కుర్రవాడి కాగితం, మా అమ్మాయి ఫోను, రెండూ ఒకే గుంటలో పడ్డాయి, చెరో వైపు నుంచి నడిచివచ్చి. సి.పి.బ్రౌన్ 1840లో, ఆర్డెన్ 1873లో ఇంగ్లీషువాళ్ళ కోసం తెలుగు వ్యాకరణాలు వెలువరించారు. ఆ పుస్తకాలతో తెలుగు నేర్చుకున్న దొరలు దాటవలసిన గుంటా ఇదే. పిల్లలకు విడిగా తప్పులు దిద్దడం కంటె “ఇచ్చాను, ఇచ్చావు, ఇచ్చాడు, ఇచ్చింది” పక్కన “గేవ్, గేవ్, గేవ్, గేవ్” అని రాసి చూపిస్తే పదేళ్ళ పిల్లకు అర్థమయింది. మా ఇంట్లో ఇది పనిచేసింది.

ఆ గురువారం మా ఆవిడ ఇచ్చిన టీ తాగి, కుర్రవాడూ నేనూ కాగితం మళ్ళీ రాశాం. నేను రాసివ్వలేదు. మొదట తెలుగులోనే రాయమన్నాను, ప్రతి క్రియ ముందు నేను, గార్డు, సూపర్వైజర్ అని కర్తను పెట్టి. తరువాత ఇచ్చినదేమిటో, ఎవరికో చేర్చాడు. ఆ పైన ఎక్కడ, ఎప్పుడు. ఇదంతా అయ్యాకే ఇంగ్లీషు. మొదటి ప్రయత్నంలో “హి కాల్డ్ మి. ఐ టోల్డ్ హిమ్. హి సెడ్ నో ప్రాబ్లమ్” అని రాశాడు. వ్యాకరణం బాగానే ఉంది గాని, ఆ “హిమ్” గార్డా, సూపర్వైజరా? తెలుగులో ఒకణ్ణి వాడు, ఇంకొకర్ని ఆయన అని విడదీస్తాం. ఇంగ్లీషులో ఇద్దరు మగవాళ్ళు వస్తే ఇద్దరూ “హి”యే. అలాంటి చోట సర్వనామం మానేసి మనిషినే పేర్కొనాలి. చివరికి తేలింది ఇది:

“ఐ ఫినిష్డ్ మై డ్యూటీ ఎట్ టెన్ ఎట్ నైట్. ఐ గేవ్ ద కీ టు ద గార్డ్ ఎట్ ద గేట్. ఐ వెంట్ టు మై రూమ్. ద గార్డ్ ఓపెన్డ్ ద స్టోర్ ఎట్ సిక్స్ ఇన్ ద మార్నింగ్. హి డిడ్ నాట్ సీ ద కేబుల్. హి కాల్డ్ మి. ఐ టోల్డ్ ద సూపర్వైజర్ అబౌట్ ఇట్. ద సూపర్వైజర్ సెడ్ టు మి, నో ప్రాబ్లమ్.”

శనివారం ఇచ్చి వచ్చాడు. గేటు దగ్గరి రిజిస్టరు తెప్పించి చూశారట. తాళం తీసుకున్నట్టు గార్డు సంతకం పది గంటలకు ఉంది. జీతంలో కోత ఆపారు. కేబుల్ మాత్రం దొరకలేదు.

రెండేళ్ళ తరువాత అతను సెలవు మీద ఊరికి వెళ్ళాడు. వెళ్ళేనాటికి కూతురుకు మూడేళ్ళు, పుట్టాక ఒక్కసారే చూశాడు. అక్కడి నుంచి నాకు ఇంగ్లీషులో మెసేజ్ పెట్టాడు: “ఎస్టర్డే ఐ రీచ్డ్ టు హోమ్. మై డాటర్ డిడ్ నాట్ నో మి. షి హిడ్ బిహైండ్ హెర్ మదర్. ఎట్ నైట్ షి కేమ్ టు మి.” ఆ మొదటి వాక్యంలో ఒక “టు” ఎక్కువ పడింది. జవాబులో దాని సంగతి ఎత్తలేదు.